ముందే కడిగిన కాళ్ళు

పాస్టరుగారు మా ఆయన కాళ్ళు కడగబోయే ముందురోజు, మా ఆయన కాళ్ళు నేను కడిగేదాన్ని.

వింటే నవ్వొస్తుంది గానీ మా సంఘంలో పెద్దమనుషుల ఇళ్ళన్నిట్లో ఇదే తంతు. ఏడాదికోసారి, సిలువ శుక్రవారానికి ముందు గురువారం సాయంత్రం, ప్రభువు తన శిష్యుల పాదాలు కడిగినదానికి గుర్తుగా మా చర్చిలో పాస్టరుగారు పన్నెండుమంది పాదాలు కడుగుతారు. పన్నెండుమందీ మగవాళ్ళే, పన్నెండుమందీ సంఘపెద్దలే. ముందు వరసలో కుర్చీలు వేస్తారు. వాళ్ళు ప్యాంటు అంచులు పైకి మడిచి కూర్చుంటారు. పాస్టరుగారు ఒక్కొక్కరి ముందూ మోకరించి, పళ్ళెంలో పాదం పెట్టించి, చెంబుతో నీళ్ళు పోసి, తువ్వాలుతో అద్దుతారు. అంతమంది ముందు, అంత వెలుతురులో, పగిలిన మడమలు చూపించుకోవాలని ఏ పెద్దమనిషికి ఉంటుంది? అందుకని బుధవారం సాయంత్రం ఆ ఇళ్ళలో ఆడవాళ్ళం బకెట్లో వేడినీళ్ళు పెట్టుకుని, సబ్బూ గరుకురాయీ పట్టుకుని కింద కూర్చునేవాళ్ళం. గురువారానికి పాస్టరుగారికి కడగడానికి ఏమీ మిగిలేది కాదు. పళ్ళెంలో నీళ్ళు పోసినవి పోసినట్టే తేటగా ఉండేవి. ఆరాధన అయ్యాక ఆ పళ్ళెం, ఆ చెంబు, ఆ తువ్వాళ్ళు మళ్ళీ మేమే కడిగేవాళ్ళం.

"మడమ దగ్గర ఇంకాస్త రుద్దు. పాస్టరుగారు పట్టుకునేది అక్కడే," అనేవారు మా ఆయన, పేపరు వెనకనుంచి. ఒక ఏడు నాకు ఒళ్ళు కాలిపోయే జ్వరం. రాయి సరిగ్గా పట్టలేకపోయాను. చర్చినుంచి వచ్చి చెప్పులు విప్పుతూ "పరువు తీశావు" అన్నారు. కాళ్ళు ఆయనవి, మురికి ఆయనది, పరువూ ఆయనదే. తీసింది మాత్రం నేను.

మా ఆయన టైలరు. ఇంటి ముందుగదే షాపు. ఆయన మిషను మీద, నేను మిషను కింద. మాటవరసకి కాదు, నిజంగానే కింద. ఆయన కుట్టి పడేసినవాటికి నేను నేలమీద కూర్చుని కాజాలు కుట్టి, గుండీలు వేసి, అంచులు మడిచి, దారాలు తెంపి, ఇస్త్రీ చేసి మడతపెట్టేదాన్ని. మధ్యమధ్యలో లేచి పొయ్యి మీద అన్నం చూసుకోవడం, పిల్లల ముక్కులు తుడవడం. నేను మా ఆయన మొహం కంటే పాదాలే ఎక్కువ చూశాను. మిషను తొక్కే వేగాన్నిబట్టి ఆ పూట ఆయన మనసెలా ఉందో చెప్పగలిగేదాన్ని. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు "ఏమండీ, ఇంత పని చేస్తున్నారు, షాపులో ఎంతమంది ఉంటారేంటి?" అని అడిగితే, ఆయన దారం కొన నోట్లో తడిచేసుకుంటూ "నేనొక్కడినే" అనేవారు. నేను అక్కడే, ఆయన కాళ్ళ దగ్గరే, గుండీల డబ్బా ముందు పెట్టుకుని ఉండేదాన్ని. అబద్ధమాడే మనిషి మీదైతే కోపం తెచ్చుకోవచ్చు. నిజమే చెబుతున్నాననుకునే మనిషిని ఏం చేస్తాం?

చెడ్డవాడు కాదు. తాగుడు లేదు, చెయ్యి చేసుకోవడం లేదు. గొంతు లేచేది, అదీ పని తొందరున్నప్పుడే. పాస్టరుగారి భార్య, మేమంతా పాస్టరమ్మ అంటాం, మధ్యాహ్నాలు చర్చి పక్కగదిలో ఆడవాళ్ళకి చదువు చెబుతున్నారని తెలిసి ఒకసారి అడిగాను, నేనూ వెళ్ళనా అని. ఆయన కత్తెర ఆపకుండానే "ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతుందా? ముందు ఆ కాజాలవనీ" అన్నారు. కొలతలివ్వడానికి వచ్చినాయన పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. మనమీద వేసిన జోకుకి మనమే ముందు నవ్వేస్తే తగిలినట్టు కనపడదు కదా.

ఒక మధ్యాహ్నం ఆయన మిషను మీదే తల వాల్చి వెళ్ళిపోయారు. కాలు తొక్కుడు మీదే ఉండిపోయింది. నేను కిందనుంచి చూసి, ఆలోచిస్తున్నారేమో అనుకున్నాను. పలకరించడానికి వచ్చినవాళ్ళు "పాపం, ఒంటిచేత్తో నడిపాడు షాపుని" అన్నారు. నేను తల ఊపాను.

అప్పుడు మొదలైంది నా చదువు. మా అబ్బాయికి పెళ్ళయింది, కోడలు ఇంటికి వచ్చింది, షాపు మూతపడింది, మధ్యాహ్నాలు ఖాళీ. చర్చి పక్కగదిలో నా పక్కన చేపలమ్మే ఆవిడ కూర్చునేది. ఆవిడకి ప్రతి అక్షరం గాలంలాగో తోకలాగో కనపడేది. నాకు కాజాల్లా కనపడేవి. సూది గుచ్చడం, చుట్టూ తిప్పడం, ముడి దగ్గర బయటికి రావడం. "మీ ఇద్దరి పలకలూ కలిపితే ఒక సంత" అని నవ్వేవారు పాస్టరమ్మ. వేళ్ళకి తొందరగానే వచ్చింది. కళ్ళకే కష్టమైంది. నోటికి ఇంకా కష్టం. కూడబలుక్కుని ఒక మాట పలికేసరికి ముందు మాట మర్చిపోయేదాన్ని.

మా అమ్మాయి వేరే ఊళ్ళో హాస్టలు వార్డెను. నా చదువు సంగతి విని సంబరపడి, రోజూ ఫోను చేసి ఒకటే మాట. "అమ్మా, ఇకనైనా నీకోసం నువ్వు బతుకు. ఇన్నాళ్ళూ అందరికీ ఊడిగం చేశావు. ఇక ఎవరికీ గ్లాసుడు నీళ్ళు కూడా అందించకు. నువ్వు, నీ ఇష్టం, నీ సుఖం. అంతే." వాళ్ళ అన్నయ్యకీ గట్టిగా చెప్పింది. మా అబ్బాయి లిఫ్టులు బాగుచేసే పని చేస్తాడు. మాట వింటాడు. కిటికీ పక్కన వాలుకుర్చీ కొని వేశాడు. "ఇవాళ్టి నుంచి అమ్మ ఏ పనీ ముట్టుకోకూడదు" అని ఇంట్లో చాటింపు వేశాడు. అప్పటిదాకా నేను చేసిన పని ఎక్కడికి పోయిందో వాడు చెప్పలేదు. నేనూ అడగలేదు.

బాగుంది. అబద్ధమెందుకు చెప్పాలి, చాలా బాగుంది. టీ నా చేతికి రావడం, అదీ పొగలు కక్కుతూ రావడం ఎరగను నేను. అందరికీ పోసి, అడుగున మిగిలింది ఎప్పుడో చల్లారాక తాగడమే నాకు టీ అంటే. సాయంత్రాలు పార్కులో నాలాంటివాళ్ళతో నడిచేదాన్ని. నాకు నచ్చిన రంగు బట్టలు కుట్టించుకున్నాను, వేరే టైలరు దగ్గర. అద్దం ముందు కాసేపు నిలబడేదాన్ని. ఇదంతా నా హక్కు అనిపించేది. హక్కే. ఇప్పుడూ అదే అంటాను.

కానీ కొన్నాళ్ళకి ఏమైందంటే, నేను టేపు మెడలో వేసుకుని పొద్దస్తమానం నన్నే కొలుచుకోవడం మొదలుపెట్టాను. ఇవాళ అబ్బాయి వెళ్ళొస్తానని చెప్పాడా లేదా. అమ్మాయి ఫోను ఆలస్యమెందుకైంది. టీ నిన్నటికంటే చల్లగా ఉందేం, ఎవరికైనా నేనంటే లెక్క తగ్గిందా. పార్కులో ఆవిడ నన్ను చూసి నవ్విందా, నా బట్టలు చూసి నవ్విందా. పొద్దున కొలిచినది సాయంత్రానికి పొట్టిదయ్యేది. మా ఆయన ఒక మాట అనేవారు, ఒకే గుడ్డని పదేపదే కొలిచేవాడు కత్తెర పట్టలేడు అని. అలా తయారైంది నా రోజు. కొలతలే తప్ప కుట్టు లేదు. మిషను కింద కూర్చున్న రోజుల్లో ఒళ్ళు పులిసిపోయేది గానీ లోపల ఈ చప్పుడు ఉండేది కాదు. వాలుకుర్చీలో ఒళ్ళు హాయిగా ఉంది, లోపల ఒకటే రొద. పాత బతుకు మళ్ళీ కావాలా అని నన్ను నేనే అడిగితే, వద్దు అని వెంటనే జవాబొచ్చేది. మరి ఇది చాలా అంటే, దానికి జవాబు వచ్చేది కాదు.

ఆ రోజుల్లోనే పాస్టరమ్మ నాచేత ప్రభువు పాదాలు కడిగిన భాగం చదివించారు. ప్రతి ఏడూ వింటున్నదే, నోటికి వచ్చినంత తెలిసిన కథే. అయినా నా కళ్ళతో నేను, ఒక్కొక్క అక్షరం సూదికెక్కించుకుంటూ పోయేసరికి, తువ్వాలు కంటే ముందు ఒక మాట అడ్డం పడింది. తానెవరో ఆయనకి తెలుసట. ఎవరి దగ్గర్నుంచి వచ్చాడో, ఎవరి దగ్గరికి పోతున్నాడో తెలుసట. అది తెలిసి, భోజనం దగ్గర్నుంచి లేచి, పైబట్ట పక్కన పెట్టి, అప్పుడు తువ్వాలు నడుముకి చుట్టుకున్నాడట. ఇన్నేళ్ళ ప్రసంగాల్లో ఈ మాట ఎక్కడికి పోయిందో నాకు తెలీదు. అందరూ తువ్వాలు దగ్గర్నుంచే మొదలుపెట్టేవారు. ముఖ్యంగా ఆడవాళ్ళ కూటాల్లో.

వేలు ఆ మాట మీదే పెట్టుకుని కూర్చుండిపోయాను. నేనూ వంగినదాన్నే. ఏళ్ళతరబడి వంగాను. కానీ నేనెవరో తెలిసి వంగలేదు. వంగకపోతే ఏమవుతుందో తెలిసి వంగాను. చూడ్డానికి రెండూ ఒకటే. నేలా ఒకటే, నీళ్ళూ ఒకటే. లోపల మాత్రం భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా.

"అమ్మా, ఆయన్ని కడగమని ఎవరైనా అన్నారా?" అని అడిగాను.

"ఆయన్ని ఎవరంటారు? ఎవరూ అనలేదు. శిష్యుడొకడు వద్దని కూడా అన్నాడు."

"ఎవరూ చెప్పకుండానేనా?"

"ఎవరూ చెప్పకుండానే." పాస్టరమ్మ మెల్లిగా అన్నారు, "ప్రతి ఏడూ ఆ చెంబులోకి నీళ్ళు కాచేది నేనే కదమ్మా. మరీ వేడి కాకూడదు, మరీ చల్లారకూడదు. అంత చూసుకుని కాస్తాను. ఈ మాట మీద నేనూ ఎప్పుడూ ఆగలేదు. సరే, కిందకి చదువు, ఇంకా ఉంది."

కిందకి చదివాను. మీరూ ఒకరి పాదాలు ఒకరు కడగాలని ప్రభువు అన్నాడు.

"ఒకరివి ఒకరు అంటే, ఇటువాళ్ళు అటువాళ్ళవీ, అటువాళ్ళు ఇటువాళ్ళవీ అనేనా?"

"మరింకేమిటి?"

"మన దగ్గర ఇటునుంచి అటే నడుస్తోందే. అటునుంచి ఇటు బండి రావడం నేనెప్పుడూ చూడలేదు."

చేపలావిడ పడీపడీ నవ్వింది. పాస్టరమ్మ నవ్వలేదు. పలక పక్కన పెట్టి ఏదో గట్టిగా నిర్ణయించుకున్నదానిలా లేచారు.

ఆ ఏడు సంఘపెద్దల కూటంలో పెద్ద రభసే జరిగిందని విన్నాం. కుర్చీల్లో సగం ఆడవాళ్ళకి ఇవ్వాలని పాస్టరమ్మ అడిగారట. చర్చి గంట కొట్టే తాతగారు, ఆయన్ని మేం గంటల తాతగారు అంటాం, "ఆడవాళ్ళ పాదాలు పాస్టరుగారు పట్టుకుంటే చూడ్డానికి బాగుంటుందా?" అన్నారట. "పోనీ ఆడవాళ్ళవి నేను కడుగుతాను" అన్నారట ఆవిడ. చివరికి సగం కుర్చీలకి ఒప్పుకున్నారు. మొగుడూ పెళ్ళాం కాళ్ళు పంచుకున్నారని ఊరంతా నవ్వుకుంది. ఎవరెవరికి అన్న మాటొస్తే గంటల తాతగారే "సరే, టైలరు కుర్చీ ఎలాగూ ఖాళీగానే ఉంది. వాళ్ళావిడకి ఇద్దాం" అన్నారు. అలా వచ్చింది నాకు ఆ కుర్చీ, మా ఆయన పేరు మీదుగానే.

మా అమ్మాయి ఫోనులో ఏడ్చింది. "అమ్మా, నీ కాళ్ళు ఇన్నాళ్ళకి ఒకళ్ళు కడుగుతారు. తలెత్తుకుని కూర్చో. ఎవరికీ లేచి చోటివ్వకు." సరేనన్నాను. నాకూ గర్వంగానే ఉంది. ఎన్నో ఏళ్ళు వెనకనుంచి చూసిన కుర్చీ అది. ఎన్నోసార్లు తుడిచిన కుర్చీ.

బుధవారం సాయంత్రం నేను కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాను. మా కోడలు షాపునుంచి వచ్చింది. తను పెద్ద బట్టల దుకాణంలో సేల్సుగర్లు. పొద్దున షట్టరు లేచినప్పటినుంచీ సాయంత్రం దాకా నిలబడే ఉండాలి. కౌంటరు వెనక స్టూలు ఉండదు. ఆడపిల్లలు కూర్చుంటే షాపు బద్ధకంగా కనపడుతుందని యజమాని తీయించేశాడట. తను చెప్పులు విప్పి నేరుగా వంటింట్లోకి వెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టింది. మా అబ్బాయి సోఫాలో పడుకుని ఫోను చూస్తున్నాడు. చూస్తూనే గొంతు పెంచాడు.

"ఇదిగో, రేపు అమ్మ అందరి ముందూ కూర్చుంటుంది. ఆ మడమలు చూశావా ఎలా ఉన్నాయో? కాసిని వేడినీళ్ళు పెట్టి రుద్దు. లేకపోతే పరువు పోతుంది."

వాడి గొంతు కాదది. చాలా పాత గొంతు.

కోడలు బకెట్టు తెచ్చింది. సబ్బు తెచ్చింది. గూట్లోంచి గరుకురాయి తెచ్చింది. మా ఆయన పోయాక అది ఎక్కడ పడేశానో నాకే గుర్తు లేదు. ఒక పక్క అరిగి, నా చేతి పట్టుకి సరిపోయేలా గుంట పడి ఉంది. తను ఒక చెయ్యి నేలకి ఆనించి, పళ్ళ బిగువున, ఒక్కో మోకాలే వంచుతూ కూర్చుంది. కూర్చున్నాక కాళ్ళు ఒక పక్కకి మడుచుకుంటుంటే అప్పుడు చూశాను నేను. చీలమండల దగ్గర పాదాలు ఉబ్బిపోయి, చెప్పు పట్టీ నొక్కుకున్నచోట కందిపోయి, గాడి పడి ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఒకే కప్పు కింద ఉన్నాం. ఆ కాళ్ళ మీద నడిచి వచ్చిన టీయే నేను పొగలతో తాగాను. నేను చెయ్యడం మానేసిన పని ఎక్కడికి పోయిందో అప్పుడు కనిపించింది.

బకెట్టు అదే, రాయి అదే. కింద కూర్చున్నది ఆడమనిషే. మారిందల్లా పైన కూర్చున్న మనిషి.

"పాదం ఇటివ్వండి అత్తయ్యా. నీళ్ళు చల్లారిపోతాయి."

"వద్దమ్మా. అలాగే వెళ్తాను."

"బాగుంది. రేపు అందరూ చూసి నన్నంటారు. అందరికంటే ముందు మీ అబ్బాయే అంటారు."

"నువ్వు లే. లేచి ఈ కుర్చీలో కూర్చో. నీ కాళ్ళు చూడు ఎలా ఉన్నాయో. నేను పోస్తాను నీళ్ళు."

తను మొదట నవ్వింది, ముసలాళ్ళ చాదస్తానికి నవ్వినట్టు. నేను ముందుకి వంగి చెయ్యి చాపేసరికి పాదాలు గబుక్కున వెనక్కి లాక్కుంది. "అయ్యో, మీరు నా కాళ్ళు పట్టుకోవడమేంటి అత్తయ్యా? ఎవరైనా వింటే ఏమంటారు? నాకు పాపం చుట్టుకుంటుంది." ఇంతలో వంటింట్లో పాలు పొంగిన వాసన వచ్చింది. తను కుంటుకుంటూ పరిగెత్తింది. మా అబ్బాయి ఫోనులోంచి తల ఎత్తకుండా "పాలు" అన్నాడు.

బకెట్టులో నీళ్ళు నా ముందు చల్లారుతూ ఉన్నాయి. కళ్ళు మూసుకున్నాను. ప్రభువా, అడిగినన్నాళ్ళూ ఇవ్వలేదు, ఇప్పుడు కుర్చీ ఇచ్చావు, దీంతో నన్నేం చెయ్యమంటావు అని అడిగాను. వదిలేసి మళ్ళీ వెళ్ళి నీళ్ళు కాస్తే, ఎంత అణకువ గల మనిషో అంటారు. ఆ పొగడ్త నేను చాలా ఏళ్ళు మోశాను, దాని బరువు నాకు తెలుసు. కూర్చుంటే, మా ఆయన కూర్చున్నట్టే కూర్చుంటాను, నా మడమలకి ఇంకెవరో ముందురోజు కింద కూర్చుని ఉంటారు. మా అమ్మాయి నీకోసం నువ్వు బతుకు అంటుంది. అది చెప్పినదాంట్లో సగం నిజం. నేనెవరో నాకు తెలియాలి. ఆ తెలిసిన మనిషిని పట్టుకుని ఎటు పోవాలో ఆ పిల్లకీ తెలీదు, నాకూ తెలీలేదు. లేచి ఆ నీళ్ళు మొక్కలకి పోశాను. రాయి తీసుకెళ్ళి చెత్తబుట్టలో వేశాను.

గురువారం సాయంత్రం చర్చికి నడిచే వెళ్ళాను. మా వీధి చివర రోడ్డు తవ్వి ఉంది. చెప్పుల్లోకి మట్టి వచ్చి చేరింది. దులుపుకోలేదు. ముందు వరసలో మా ఆయన కుర్చీలో కూర్చున్నాను. మగవాళ్ళ వైపు పాస్టరుగారు మోకరించారు. ఆ పళ్ళెంలో నీళ్ళు ఎప్పటిలాగే తేటగా ఉన్నాయి. మా వైపు పాస్టరమ్మ వచ్చారు. నా పాదం పళ్ళెంలో పెట్టి నీళ్ళు పోసేసరికి నీళ్ళు మట్టిరంగుకి తిరిగాయి. పక్క కుర్చీలో చేపలావిడ ముక్కు మీద వేలేసుకుంది.

పాస్టరమ్మ తల వంచుకునే గుసగుసగా అన్నారు, "ఏమ్మా, కడుక్కుని రాలేదా?"

"కడుక్కుని వస్తే మీకు పనేముంటుందమ్మా?"

ఆవిడ భుజాలు కదిలాయి. నవ్వుతున్నారో ఏమో తెలియలేదు. రెండో పాదం కూడా అందుకున్నారు. నిజంగా కడగాల్సి వచ్చింది. వేళ్ళ మధ్య, గోళ్ళ పక్కన, మడమ పగుళ్ళలో. ఒక చెయ్యి నా పాదాన్ని మోస్తోంది, దాని బదులు నానుంచి ఏమీ అడగకుండా. ఏడుస్తాననుకున్నాను. ఏడుపు రాలేదు. ఎన్నాళ్ళనుంచో మెడలో వేలాడుతున్న టేపు ఎవరో తీసి పక్కన పెట్టినట్టయింది. నేనెవరు అంటే టైలరుగారి భార్య అనేవారు, ఆ పిల్లల తల్లి అనేవారు, ఇప్పుడు అత్తగారు అంటున్నారు. ఎవరి కాళ్ళు కడగడానికి ప్రభువు బల్ల దగ్గర్నుంచి లేచాడో ఆ మనిషిని నేను. ఆయన దగ్గర్నుంచి వచ్చాను, ఆయన దగ్గరికే పోతాను. దానికి ఒకళ్ళు ఇచ్చే కొలత లేదు, తీసేసే కొలతా లేదు. ఇంతసేపూ మురికి కాళ్ళతో అందరి ముందూ కూర్చుని కూడా నాకు పరువు పోయినట్టు అనిపించలేదు.

పాస్టరమ్మ తువ్వాలుతో నా పాదాలు ఒత్తి లేవబోయారు. అప్పుడు చూశాను, వెనక తలుపు దగ్గర మా కోడలు. షాపు బట్టల్లోనే, భుజాన సంచీతో, ఆలస్యమైనందుకు లోపలికి రాలేక గోడకి ఆనుకుని, బరువు ఒక కాలి మీదనుంచి ఇంకో కాలి మీదకి మార్చుకుంటూ నిలబడి ఉంది.

"అమ్మా, ఆ తువ్వాలు నాకిస్తారా?" అన్నాను.

పాస్టరమ్మ నా మొహంలోకి చూశారు. తువ్వాలు ఇచ్చారు. పళ్ళెంలో మురికినీళ్ళు పక్క బకెట్టులోకి వంచి, ఖాళీ పళ్ళెం చేతికిచ్చారు. చెంబు నేనే తీసుకున్నాను. బెంచీల మధ్యనుంచి తడికాళ్ళతో వెనక్కి నడిచాను. పాట పాడుతున్నవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు. తలుపు పక్కన ఆఖరి బెంచీ ఖాళీగా ఉంది.

"కూర్చోమ్మా."

"అత్తయ్యా, ఏంటిది, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా నువ్వు చేసేది ఎవరూ చూడ్డంలేదుగా. కూర్చో."

"వద్దత్తయ్యా. నిన్నే చెప్పాను మీకు."

"నిన్న నేను వాలుకుర్చీలోంచి వంగి అడిగాను. అది తప్పే. ఇవాళ కిందనుంచి అడుగుతున్నాను." మోకాళ్ళు నొప్పి పుడుతుంటే మెల్లిగా నేలమీదకి దిగాను. ఆ నేల నాకు కొత్త కాదు. "మన ఇద్దరికీ పాపం చుట్టుకోదు. ప్రభువుకి చుట్టుకుందా?"

తను కూర్చుంది. కూర్చున్నాక మొహం కప్పుకుంది. చెప్పులు నేనే విప్పాను. పట్టీ చర్మంలోకి దిగిపోయి ఉంది, నెమ్మదిగా లాగాల్సి వచ్చింది. నీళ్ళు పోయగానే తన వేళ్ళు ముడుచుకుని, కాసేపటికి విచ్చుకున్నాయి. నాకు కాళ్ళు కడగడం వచ్చు. ఎక్కడ నొక్కితే నొప్పి, ఎక్కడ నొక్కితే హాయి అని నా చేతులకి తెలుసు. ఆ చేతులు ఇంతకాలం చేసిన పనే చేస్తున్నాయి, అయినా అవి నా చేతులని నాకు ఇప్పుడే తెలుస్తోంది.

మగవాళ్ళ బెంచీల్లోంచి మా అబ్బాయి గబగబా వచ్చాడు. "అమ్మా, లే. నీ మోకాళ్ళు. ఏంటిదంతా, అందరి ముందూ." వంగి నా భుజం పట్టుకోబోయి భార్య పాదాలు చూశాడు. చూసినవాడు అలాగే ఆగిపోయాడు. వాడూ చూడలేదు, నాలాగే. ఒకే ఇంట్లో ఉండి.

"చెంబులో నీళ్ళయిపోయాయి నాన్నా," అన్నాను. "ముందుకెళ్ళి కాసిని పట్టుకురా. మరీ వేడి కాకూడదు, మరీ చల్లగా ఉండకూడదు. చెయ్యి పెట్టి చూసుకో."

వాడు చెంబు అందుకున్నాడు. అందరూ చూస్తుండగా బెంచీల మధ్యనుంచి ముందుకు నడిచాడు. నీళ్ళ దగ్గర వంగి, చెయ్యి పెట్టి చూసుకోవడం నాకు ఇక్కడిదాకా కనపడింది. తిరిగి వచ్చి, చెంబు నాకివ్వబోయి, ఇవ్వకుండా, బరువుగా నా పక్కనే నేలమీద కూర్చున్నాడు. "ఎంత పొయ్యాలి?" అని అడిగాడు, మెల్లిగా, నన్ను కాదు, భార్యని.

గంటల తాతగారు కర్ర ఊతంగా నడుచుకుంటూ మా దగ్గరికి వచ్చి నిలబడ్డారు. కోపంగా లేరు. నిజంగానే అర్థం కాక అడిగారు, "ఏమ్మా, నీ వంతు అయిపోయింది కదా. నీ కాళ్ళు కడిగారు కదా. మరి ఇదెవరు చెయ్యమన్నారు నిన్ను?"

తువ్వాలుతో మా కోడలి పాదం ఒత్తుతూ తలెత్తి చూశాను.

"ఎవరూ చెయ్యమనలేదండీ," అన్నాను. "ఎవరూ చెప్పకుండా నేను కడిగిన మొదటి కాళ్ళు ఇవి."